నా సంచిలో అవ్వ బీడీకట్ట

ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేసే నర్సును నేను. ఈ రోజు వేంపల్లెలో ఒక అవ్వను అలవాట్ల గురించి అడిగాను.

"సదువు రాదుగానీ బీడీలు తాగుతామ్మా, దినానికి ఆరు," అంది దాపరికం లేకుండా.

పక్కనే ఉన్న ఇంజనీరు మనవడు మాత్రం, "నాకే అలవాటూ లేదు మేడం," అన్నాడు.

"అబద్ధాలు చెప్తాండాడు! పొద్దున్నే నా అగ్గిపెట్టె ఎత్తుకపోయేది ఎవురు?" అంది అవ్వ.

అతను తల దించుకున్నాడు. అవ్వ లేచి, బీడీకట్ట తెచ్చి నా సంచిలో వేసింది.

"నీ దగ్గు వినలేకపోతాండారా. నేను మానుకుంటాండా, నువ్వు గూడా ఎయ్," అంది మనవడితో.

అతను జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి వేశాడు. నాకు భలే సంతోషమేసింది.

ఇంటికొచ్చాక మా అత్త సంచి తెరిచి, "ఇదెప్పుడు నేర్చుకున్యావు తల్లీ?" అంది. జరిగింది చెప్పినా నమ్మడం లేదు. మీరైతే ఎట్లా నమ్మిస్తారు?