పై స్వరం పలకని టిన్ విజిల్

నాకు కుదురు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది. నిజమే, కాదనను. కానీ ఆ రెండేళ్లు నేను పడ్డ యాతన మాత్రం నా గుణం వల్ల కాదు, ఒక సినిమా బాణీ వల్ల.

అప్పట్లో పటాన్‌చెరులో రేకు సామాను చేసే కంపెనీలో పవర్ ప్రెస్ మీద పని నాది. ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకొని నేనూ నా భార్యా ఉండేవాళ్లం. మా టూల్ రూమ్‌లో పనిచేసే దోస్తు ఒకడు ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. అతనే నాకు ఒక ఇంగ్లీషు సినిమా నేపథ్య సంగీతం క్యాసెట్ ఇచ్చాడు. పాటల్లేవు, మాటల్లేవు. రెండో వైపు మధ్యలో ఊదే వాద్యం ఒకటి వస్తుంది. కింద మెల్లగా మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కి, సరిగ్గా మనసు లాగే చోటికి చేరి, టక్కున ఆగిపోతుంది. కాసేపు ఖాళీ. తర్వాత వయొలిన్లు అందుకుంటాయి.

ఆ ఖాళీ దగ్గరే నా ప్రాణం ఉసూరుమనేది. ఎక్కినవాడు దిగాలి కదా. సగంలో వదిలేసినవాడిది ఏం సంగీతమని తిట్టుకుంటూనే మళ్లీ వెనక్కి తిప్పి వినేవాణ్ని. ప్రెస్ దగ్గర నిలబడ్డా, కంపెనీ బస్సులో కూర్చున్నా, తలలో ఆ మెట్లు ఎక్కడమే, ఆగడమే. తిన్నది ఒంటబట్టేది కాదు. సౌండు పెంచి విన్నాను. దోస్తు దగ్గర ఇంకో టేప్ రికార్డరు అడిగి తెచ్చి విన్నాను. అయినా అక్కడ ఖాళీయే.

"అది బాన్సురి గాదన్నా, టిన్ విజిల్ అంటరు. రేకు గొట్టం, ఆరు బొక్కలు, అంతే," అన్నాడు దోస్తు.

రేకు అనేసరికి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. పన్నెండేళ్లుగా ప్రెస్ పెడల్ తొక్కి రేకు కోస్తున్నవాణ్ని, రేకు గొట్టాన్ని ఎంచుకోలేనా? అదొకటి కొని, ఆ బాణీ నేనే ఊది, ఆగిన చోటి నుంచి కిందికి దించితే గానీ నాకు నిద్రపట్టదని తేల్చుకున్నాను.

"విజిల్ గొంటవా? కండక్టర్ నౌకరి దొరికిందా ఏంది?" అని షిఫ్టులో అందరూ ఆటపట్టించారు. ఇంట్లో నా భార్య ఏమీ అనలేదు. పెళ్లయిన కొత్తలో ఆమె వాగుడుకాయ. ఈమధ్య మాటలు బాగా తగ్గించింది. ఎందుకని అడిగే ఓపిక నాకెక్కడిది?

వారం సెలవు నాడు ఇద్దరం కోఠీ బస్సెక్కాం. ఆమెకు చీర కొనిపెడతానని చెప్పాను గానీ, బస్సు దిగీ దిగగానే బ్యాండు మేళాల సామాను అమ్మే దుకాణంలో దూరాను. తెల్లగడ్డం ముసలాయన ఒకాయన తాపీగా గుడ్డ పరిచి ఐదు విజిళ్లు పెట్టాడు. ఇత్తడివి రెండు, నికెల్ పూత వేసినవి రెండు, అన్నిటికన్నా పొడుగైనది ఒకటి.

"పొట్టిదాని గొంతు సన్నం, పొడుగుదాని గొంతు మోటు. ఊది సూసుకో బేటా," అన్నాడు.

నేను ముందు ఊదలేదు. మా దగ్గర తయారైన సరుకును ఎట్లా చూస్తామో అట్లాగే చూశాను. వెలుతురుకు ఎత్తి గొట్టంలోకి తొంగిచూశాను. అతుకు మీద గోరు నడిపాను. బొక్కల అంచులు వేలితో తడిమాను. ఇత్తడిది మంచి పనితనం. అప్పుడు నోట పెట్టుకున్నాను.

కింది స్వరాలు పలికాయి. పైకి పోతున్నకొద్దీ గొంతు పీలగా అయింది. దోస్తు చెప్పినట్టు గట్టిగా ఊది పై వరుస స్వరాలకు పోతే ఏమీ లేదు, ఉత్త గాలి. పక్కన పెట్టాను. రెండోదీ అంతే. నికెల్‌వీ అంతే. నాకు ఒళ్లు మండింది.

"చాచా, అన్ని ఖరాబ్ మాలే పెట్టినవేంది? పైన పలుకుతలెవ్వు."

ఆయన నా చేతిలోది తీసుకొని, తుడిచి, తానే ఊదాడు. వేళ్లు చకచకా కదిలాయి, బుగ్గలు ఉబ్బాయి. పై వరుస దగ్గర నాకు వేళ్లే కనిపించాయి.

"సూసినవా? నీకు గూడ పలుకలే," అన్నాను, గెలిచినవాడిలా.

ఆయన నావంక వింతగా చూశాడు. నేను దాన్ని లాక్కొని బలమంతా పెట్టి ఊదాను. ఎదురు దుకాణంలో మిక్సీలు బాగుచేసే మనిషి తలెత్తి ఏదో తిట్టాడు. వెనక్కి తిరిగితే నా భార్య రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకొని మొహం ముడుచుకొని ఉంది.

"జెర ఆపు. చెవులు చిల్లులు పడుతున్నయి," అంది.

"పలుకనేలేదు, నీ చెవులకేమొచ్చింది?"

"పలుకకపోవుడేంది?" అని ఆమె వేళ్లు తీసింది.

ముసలాయన నెమ్మదిగా అడిగాడు. "ఏం పని జేస్తవ్ బేటా?"

"రేకు ప్రెస్ మీద."

"ఎన్నేండ్ల సంది?"

చెప్పాను. ఆయన పొట్టి విజిళ్లన్నీ గుడ్డలో చుట్టేసి, పొడుగుదాన్ని నా ముందుకు జరిపాడు. "గిది తీస్కో. దీని గొంతు నీకు అందుతది."

ఒంటికాలి మీద లేవబోయి ఆగిపోయాను. ప్రెస్‌ల మోతకు చెవుల్లో పెట్టుకొమ్మని కంపెనీ ఇచ్చే దూదితో నేను ఇన్నేళ్లూ చేతుల నూనె తుడుచుకున్నాను. అప్పుడు భయమేసింది, బాగా భయమేసింది. నోరు మూసుకొని ఆ పొడుగుదే కొన్నాను.

దుకాణం మెట్ల మీద నా భార్యను అడిగాను. "ఆ క్యాసెట్ల బాణి ఉంది గద, అది ఏడ ఆగుతది?"

"ఆగదు గద," అంది. "పైకి పోయి, ఆడ జెరసేపు తిరిగి, మల్ల కిందికి దిగుతది. దినాం ఇంటున్న గద."

అంత రద్దీలోనూ, తన మామూలు గొంతుతో, కూనిరాగం తీసి వినిపించింది. నేను ఆమె నోటి దగ్గరికి చెవి వంచాను. ఎక్కింది, తిరిగింది, దిగింది. ఎంత సులువుగా దిగిందో. రెండేళ్ల పీడ విరగడైనట్టు ఉండాలి. నాకు ఏడుపొచ్చింది.

ఆమె రాగం ఆపి నా మొహంలోకి చూసింది. "అయితె నీళ్ల నల్ల కాడికెళ్లి నేను పిలుస్తుంటె, నీకు ఇనబడకనే పలుకకపోతుంటివా?"

తలూపాను.

"నామీద మనసు విరిగిందనుకున్న," అంది. "గందుకే పిలుసుడు బంజేసిన."