చూరులో సత్తు గ్లాసు

మా చిన్నప్పుడు మా పశువుల సావిడి చూరులో ఒక సత్తు గ్లాసు ఉండేది... తాటాకుల మధ్య దోపి ఉండేది. అది అబ్రహాం గ్లాసు.

అబ్రహాం మా పాలేరు. ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు మాది, కాస్త వరి పొలం ఉండేది. ఆయన ఎండనపడి వచ్చి, చూరులోంచి గ్లాసు తీసుకుని, అరుగు కింద నిలబడేవాడు. మజ్జిగ పోసే పని నాది. చెంబు ఎత్తి పట్టుకుని పొయ్యాలి... గ్లాసుకి తగలకూడదు. తగిలితే నాయనమ్మ ఆ చెంబుని చింతపండు పెట్టి తోమించేది. నన్ను నూతి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్ళు గుమ్మరించేది.

నాకు ఎనిమిదేళ్ళు. ఆయన మా నాన్నకంటే పెద్దవాడు. అయినా నేను "అబ్రహామూ" అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను "బాబుగారూ" అనేవాడు. తాగాక గ్లాసు ఆయనే కడుక్కుని, ఆయనే మళ్ళీ చూరులో పెట్టుకునేవాడు... అందులో తప్పుందని అప్పట్లో నాకు తోచలేదండి. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆయన కొడుకు ప్రకాశం నా క్లాసే. బడిలో ఇద్దరం ఒకే గోనెపట్టా మీద కూర్చునేవాళ్ళం.

బడి వెనకాల జామచెట్టు. ఒక్క కాయ దొరికితే ఇద్దరం కాకెంగిలి చేసుకునేవాళ్ళం... ఇప్పటి పిల్లలకి తెలీదేమో. కాయకి చొక్కా అంచు కప్పి, గుడ్డ మీంచి కొరికితే ఎంగిలి కాదు. ప్రకాశం చొక్కాకి చిరుగులెక్కువ. వాడు వెతుక్కునేలోపు నేను సగం తినేసేవాణ్ణి.

"ఉండరా దొంగా, నా చొక్కాలో గుడ్డ దొరకనీ!" అని అరిచేవాడు. ఆఖరికి గుడ్డ లేకుండానే కొరికి నాకిచ్చేవాడు. నేనూ తినేసేవాణ్ణి.

సాయంత్రం ఇంటికొచ్చి, వాళ్ళ నాన్నకి చెంబెత్తి మజ్జిగ పోసేవాణ్ణి.

రెండూ నేనే చేశాను... ఒకే రోజు. ఎలా చేశానో ఇప్పటికీ తెలీదు.

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ప్రకాశం చదువుకుని మేష్టారయ్యాడు. పాలకొల్లు వైపు పనిచేసి రిటైరయ్యాడు. అబ్రహాం పోయి చాలా ఏళ్ళయింది. మా సావిడి తీసేసి డాబా వేశాం. చూరే లేదిప్పుడు.

మొన్న మంగళవారం ప్రకాశం మా ఇంటికొచ్చాడు. మనవరాలి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి. తెల్ల చొక్కా, జేబులో పెన్ను. నేను లేచి నిలబడి, "మేష్టారూ, కూర్చోండి" అన్నాను.

"మేష్టారేంట్రా నీ మొహం, జరుగు" అని సోఫాలో నా పక్కనే కూర్చున్నాడు.

నా పక్కనే... ఎంత సంతోషమేసిందో చెప్పలేను. లోకం బాగుపడింది అనుకున్నాను.

కోడలు టీ తెచ్చింది. నాకు రోజూ తాగే స్టీలు గ్లాసులో. వాడికి పేపరు గ్లాసులో.

నేను ఆ రెండు గ్లాసులూ మార్చి మార్చి చూశాను.

కోడలి తప్పేం లేదండి. కడిగే పని ఉండదని, ఎవరొచ్చినా అందులోనే ఇస్తుంది. పోయిన వారం మా సొంత తమ్ముడికీ అందులోనే ఇచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. ప్రకాశానికి ఎలా తెలుస్తుంది? "అందరికీ ఇందులోనేరా" అని చెబుదామా అంటే, అడక్కుండా చెబుతున్నాడేంటి అనుకోడూ? చెప్పకపోతే ఏమనుకుంటాడు? పోనీ, నా గ్లాసు వాడికిచ్చి వాడిది నేను తీసుకుంటే?... మొదట్నుంచీ నాకు నోరు తక్కువ. ఇదంతా ఆలోచించేసరికి నా టీ చల్లారిపోయింది.

వాడు మాత్రం పెళ్ళికొడుకు ఉద్యోగం గురించి చెబుతూ తాగేశాడు. తాగి లేచి, ఆ ఖాళీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళి, గేటు పక్కన చెత్తబుట్టలో తనే పడేసి వచ్చాడు.

"అయ్యో, అక్కడ పెట్టేయండి మేష్టారూ, నేను తీస్తాను కదా" అంది కోడలు.

"పర్లేదమ్మా... అలవాటు" అన్నాడు.

ఏం అలవాటు? చెత్త ఎక్కడపడితే అక్కడ పడెయ్యొద్దని పిల్లలకి చెప్పిన మేష్టారి అలవాటా? వాళ్ళ నాన్న అలవాటా? మూడు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

వాడెళ్ళాక కోడలికి సత్తు గ్లాసు సంగతి చెప్పాను. "ఛ, నిజంగానా మావయ్యగారూ? మనిషికి విడిగా గ్లాసేంటండీ?" అంది. ఆ పిల్లకి నిజంగా తెలీదు. మళ్ళీ సంతోషమేసింది.

అంతలో మనవడు స్కూల్నుంచి వచ్చాడు, మెడలో నీళ్ళ సీసా వేలాడేసుకుని. నీ స్నేహితుడికి దాహమేస్తే అందులోవి ఇస్తావా అని అడిగాను. "మిస్ వద్దంది తాతా. ఎవరి బాటిల్ వాళ్ళదే" అన్నాడు. జబ్బులొస్తాయట. అదీ నిజమేనేమో... అప్పుడు ఒక్కడికే గ్లాసు విడిగా ఉండేది. ఇప్పుడు అందరికీ విడివిడిగా ఉంది. దీన్ని బాగుపడ్డం అనొచ్చా అండీ? నాకు అర్థం కావట్లేదు. కాదనడానికీ మనసొప్పట్లేదు. ప్రకాశం నా పక్కన కూర్చున్నాడు కదా.

ఆ రోజు వెళ్తూ వెళ్తూ ప్రకాశం గేటు దగ్గర ఆగి, "చర్చిలో మొహం చూపించి పారిపోవడం కాదు. భోజనం చెయ్యాలిరా" అన్నాడు. ఇన్నేళ్ళలో వాళ్ళింట్లో నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. వాడు ఆ మాట అనలేదు... నాకే గుర్తొచ్చింది.

మీ ఇళ్ళ చూరుల్లోనూ ఇలాంటి గ్లాసు ఉండేదా అండీ? ఎప్పుడు తీసేశారు? ఎవరు తీశారు? సిగ్గుగా ఉన్నా రాయండి. నేనూ సిగ్గుపడుతూనే రాశాను.

వచ్చే గురువారం పెళ్ళి. వెళ్తాను, భోజనం చేస్తాను. మా పెరట్లో జామచెట్టు కాసింది. ఒక కాయ జేబులో వేసుకెళ్దామనుకుంటున్నాను. బాగా పండింది చూసి కొయ్యాలి, ఇద్దరికీ పళ్ళు అంతంతమాత్రమే. అంతమందిలో తీసి ఇవ్వగలనో లేదో... ఇచ్చాననుకోండి. ఈసారి వాడి చొక్కాకి చిరుగులుండవు. గుడ్డ కప్పి కొరుకుతాడో, ఊరికే కొరికి నాకిస్తాడో...