మావయ్య దిగిపోయిన రైలు

మా మేనమావ సఖినేటిపల్లి రేవులో పంటు సరంగు. పడవల మీద బల్లలు పరిచి చేసిన ఆ పంటు మీద మనుషుల్నీ, సైకిళ్లనీ, గేదెల్నీ ఒకే మర్యాదతో ఎక్కించుకుని గోదారి దాటించి నరసాపురంలో దింపేవాడు. అక్కడ రైలుస్టేషను ఉంది. మా కోనసీమలో రైలు లేదు గనక, మా వైపు వాళ్లు రైలెక్కాలంటే ముందు మా మావయ్య పంటు ఎక్కాలి. అలా జీవితమంతా జనాన్ని రైలు దగ్గరికి చేరవేశాడు గానీ, తను మాత్రం ఒక్కసారీ రైలెక్కలేదు. ఎందుకు మావయ్యా అంటే, "నేను రైలెక్కితే పంటు ఎవరు తిప్పుతార్రా, మీ అత్తా?" అనేవాడు.

రేవులో ఆయనకొక పద్ధతి ఉండేది. గట్టు మీద ఎవరైనా చెయ్యూపుతూ వస్తుంటే మోకు విప్పేవాడు కాదు. పంటు మీదున్నవాళ్లు రైలు పోతుందని గోల పెడితే కుడిచెయ్యి పైకెత్తి, "బండి పోతే రేపింకోటి వస్తాదండి. రేవులో మనిషిని వదిలేస్తే రాత్రికి ఎక్కడ పడుకుంటాడండి?" అనేవాడు. ఒకసారి అలా అందరినీ ఆపి కూర్చుంటే, ఆయాసపడుతూ వచ్చిన పెద్దమనిషి పంటు ఎక్కడానికి రాలేదు. చుట్ట ముట్టించుకోడానికి అగ్గిపెట్టె కోసం వచ్చాడు. మావయ్య చుట్ట ముట్టించి మరీ మోకు విప్పాడు.

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతిలో మాస్టారు నన్ను రోజూ బెంచీ ఎక్కించేవారు. బెంచీ మీద నుంచి చూస్తే కిటికీలోంచి రోడ్డు బాగా కనపడేది. ఒకరోజు ఆ రోడ్డు పట్టుకుని వెళ్లిపోయాను. ఎక్కడెక్కడో తిరిగి, తొంభైల చివర్లో అమలాపురంలో టూరు బస్సులు నడిపే ఆయన దగ్గర కుదురుకున్నాను. కార్తీకమాసంలో మా వాళ్లు తోటల్లోకి వెళ్లి వండుకు తింటారు కదా, ఆయన ఆ తోటను కొండల దాకా సాగదీశాడు. రాత్రంతా బస్సులో విశాఖపట్నం. పొద్దున్నే కొండల్లోకి వెళ్లే పాసింజరు. సొరంగాలన్నీ దాటి ఒక చిన్న స్టేషన్లో దిగి, అక్కడి గైడు వెనకాల అడవిలో నడక. జలపాతం దగ్గర పులిహోర. సాయంత్రం కిందికి వెళ్లే బండి ఎక్కి వెనక్కి. గిన్నెలు మొయ్యడం, జనం కాళ్లనొప్పులు మర్చిపోయేలా నవ్వించడం నా పని. మా వాళ్లకు ఎత్తంటే కాలవ గట్టే. మొదటిసారి కొండను చూసి, "ఇంత మట్టి ఎవరు పోయించేరండీ?" అని అడిగినాయన కూడా ఉన్నాడు.

ఆ ఏడు మావయ్య ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టరు తేల్చేశాడు. చుట్ట మానమన్నాడు, చలిగాలి అస్సలు తగలనివ్వద్దన్నాడు. పంటు ఇంకొకరి చేతికి వెళ్లింది. నాలుగు మాటలాడితే ఐదో మాటకు దగ్గు అడ్డం వచ్చేది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "ఒరే, ఆ కొండల రైలు నాకోసారి చూపించరా" అన్నాడు.

"ఇప్పుడక్కడ చలి మావయ్యా. ఎండాకాలం వెళ్దాం."

"ఎండాకాలం దాకా ఉండేవాణ్ణయితే నాకింత తొందరేంట్రా?"

అత్తయ్య నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, చివరికి సంతలో ఉన్ని మంకీ టోపీ కొని ఆయన నెత్తిన తొడిగింది. "ఇది తీసేరంటే చూడండి" అంది. ఆ టోపీలో మావయ్య బ్యాంకు దోపిడీకి బయల్దేరిన ముసలి దొంగలా ఉన్నాడు. ఆ మాటే అన్నాను. నవ్వబోయి దగ్గాడు. బస్సు జొన్నాడ దగ్గర హైవే ఎక్కేదాకా ఆ దగ్గు తగ్గలేదు. ఎందుకు నవ్వించానురా అనుకున్నాను.

విశాఖపట్నంలో బండి ఇంకా ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు విసిరి మావయ్యకు సీటు ఆపాను. ఆయన వచ్చి కూర్చునేసరికి రాజోలు నుంచి వచ్చిన ఒకావిడ నిలబడి ఉన్నారు. బస్సులో అందరూ ఆవిణ్ణి పిన్నిగారు అనే పిలిచేవాళ్లు. "కిటికీ పక్కన కాకపోతే నాకు వాంతులవుతాయండీ" అన్నారు. మావయ్య వెంటనే, "కూర్చోండమ్మా, దానికేముంది" అని లోపలికి జరిగిపోయాడు. ఒక పక్క పిన్నిగారు, ఇంకో పక్క ఎవరిదో తట్ట, ఎదురుగా నిలబడ్డ జనం వీపులు. అదీ ఆయన చూసిన ప్రయాణం. బండి సొరంగంలోకి దూరగానే పిల్లలు కేకలు పెట్టారు.

"ఏటైందిరా?"

"సొరంగం మావయ్యా."

"నాకు చీకటి తప్ప ఏం కనపళ్లేదు."

"అందరికీ అదే కనపడింది మావయ్యా."

పిన్నిగారికి అదీ కనపడలేదు. కిటికీ ఊచలకు తల ఆనించి, నోరు తెరిచి హాయిగా నిద్రపోతున్నారు. "తిరుగు బండిలో కిటికీ నీదే. పిన్నిగార్ని ఇంజను మీద కూర్చోబెడతాను" అని మావయ్య చెవిలో చెప్పాను. "అలాగే" అన్నాడు. ఆయన వచ్చిన పని ఇంకా అవలేదు. ఆ పనికి మిగిలింది ఆ సాయంత్రం బండి ఒక్కటే.

నడక మొదటి మలుపులోనే మావయ్య రొమ్ము పట్టుకుని నిలబడిపోయాడు. "తాతా, నువ్వు టేసన్లో కూకో. పైన గాలి నీకు చాలదు" అన్నాడు గైడు. మావయ్య వెనక్కి తిరిగాడు. మేము జలపాతం చూసి, పులిహోర తిని, దిగడం మొదలుపెట్టాం. దారిలో పిన్నిగారికి కాఫీ మొక్కలు కనపడ్డాయి. మా వైపు ఆడవాళ్లు కొత్త మొక్క కనపడితే పెరట్లోకి తెచ్చుకోకుండా ఊరుకోరు. నా గరిటె లాక్కుని తవ్వడం మొదలుపెట్టారు.

"బేగి రండమ్మా, బండి ఆగదు!" అని గైడు అరుస్తూనే ఉన్నాడు.

"వచ్చేస్తన్నానండి, వేరు తెగకుండా చూసుకోవాలి కదండీ" అన్నారు. వేరు తెగలేదు. ఆవిడ కాలే జారి మడమ తిరిగిపోయింది. మిగతా అందర్నీ తీసుకుని దిగిపొమ్మని గైడు నాతో అన్నాడు. ఆవిణ్ణి పట్టుకుని తను మెల్లగా నడిపించుకొస్తానన్నాడు.

మేము స్టేషను చేరేసరికి బండి వస్తోంది. తువ్వాలు విసిరాను, కిటికీ దొరికింది, మావయ్యను కూర్చోబెట్టాను. ఆయన బయట కొండను చూడలేదు. ప్లాట్‌ఫారం చివరికి చూస్తున్నాడు.

"మనిషి రాలేదేంట్రా?"

చెప్పాను. చటుక్కున లేచి దిగిపోయాడు. గార్డు దగ్గరికి వెళ్లి, రేవులో ఎత్తినట్టే కుడిచెయ్యి పైకెత్తాడు. "అయ్యా, ఒక్క మనిషండి. కొండ దిగుతున్నారండి. కాసేపు ఆపండి."

"ఇదేమైనా పడవనుకున్నావా? ఎక్కు తాతా, ఎక్కు" అని గార్డు పచ్చజెండా ఊపాడు.

నేను తలుపులోంచి చెయ్యి చాపాను. "ఎక్కు మావయ్యా! ఆవిడతో గైడున్నాడు."

"గైడుకి ఇల్లుందిరా, పొద్దుగూకితే వెళ్లిపోతాడు. ఆవిడకిక్కడ ఎవరున్నారు?"

"నీకు మాత్రం ఏముందిక్కడ? చలికి చచ్చిపోతావు!"

"నాకు టోపీ ఉంది" అన్నాడు. "నువ్వు వీళ్లని చూసుకో. గిన్నెలు జాగర్త."

బండి కదిలింది. సీటు మీద నా తువ్వాలు అలాగే ఉంది. నిలబడ్డవాళ్లెవరూ అందులో కూర్చుంటామనలేదు. బయట పొద్దువాలే ఎండలో వలిసె పూలు కొండవాలంతా పచ్చగా మెరుస్తున్నాయి. లోయలు ఒకదాని తరవాత ఒకటి వచ్చి ఆ ఖాళీ సీటుకు కనపడి వెళ్లిపోయాయి. ఆ రోజు నేను ఒక్క జోకూ వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ అడగలేదు.

విశాఖపట్నంలో దిగగానే ఎస్టీడీ బూతు నుంచి, అదే ఊళ్లో ఉన్న పిన్నిగారి అల్లుడికి ఫోను చేశాను. మర్నాడు ఆయన జీపు కట్టుకుని వెళ్లి ఇద్దర్నీ తీసుకొచ్చాడు. మావయ్య వెనక సీట్లో కంబళి కింద జ్వరంతో పడుకుని ఉన్నాడు. కొండలు దిగినంతసేపూ ఆయనకు కనపడింది జీపు పైకప్పే. నెత్తిన టోపీ లేదు. అది పిన్నిగారి వాచిన కాలికి తొడిగి ఉంది.

ఆ జ్వరం నుంచి మావయ్య లేవలేదు. కొన్నాళ్లకు పిన్నిగారు కుంటుకుంటూ చూడ్డానికి వచ్చారు. టోపీ ఉతికి తెచ్చి అత్తయ్య చేతికివ్వలేక నా చేతిలో పెట్టారు. పెరట్లోకి పిలిచి మెల్లగా చెప్పారు.

"స్టేషను మాస్టారు గది తీసిచ్చేరు గానీ తలుపు పడదండి. తెల్లార్లూ నన్ను తిడతానే ఉన్నారు మీ మావయ్యగారు. మొక్క కోసం కాళ్లిరగ్గొట్టుకుంటారా అని. తర్వాత, అమ్మా, పొద్దున్న కిటికీలోంచి ఏం చూసేరో చెప్పండి అన్నారు. నేను నిద్రపోయేను కదండీ. సీటిచ్చిన మనిషికి ఆ మాటెలా చెప్తానండీ? నోటికొచ్చింది చెప్పేసేను."

"ఏం చెప్పేరండి?"

"పట్టాల పక్కన నెమళ్లు నడుస్తన్నాయని చెప్పేను. వంతెన కింద ఏనుగు నీళ్లు తాగుతోందన్నాను."

"ఏనుగా?"

"ఒకటేనండి. చిన్నదే."

ఆ సాయంత్రం పంటు మీద పనిచేసేవాళ్లు మావయ్యను చూడ్డానికి వచ్చారు. అత్తయ్య ఆయన్ని దిళ్లకు ఆనించి కూర్చోబెట్టింది. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు పట్టేది. అయినా రైలు గురించి చెప్తున్నాడు. "సొరంగం దాటగానే నెమళ్లురా. బండికి భయపడవు. వంతెన మీదికొచ్చేం... కింద ఏనుగు."

వాళ్లలో ఒకడు నా వైపు తిరిగాడు. "నువ్వెన్నోసార్లు వెళ్లొచ్చేవు కదా, నిజంగా ఏనుగుందేటి?"

మావయ్య నా మొహంలోకి చూశాడు. దగ్గు కూడా ఆగింది.

"ఆయ్, ఉందండి," అన్నాను. "చిన్నది."

"చెప్పేనా మరి?" అన్నాడు మావయ్య వాళ్లతో.

కార్తీకం వెళ్లకుండానే పోయాడు. ఆ తరవాత ఏళ్ల తరబడి ఆ బండిలో జనాన్ని నవ్విస్తూ తిరిగాను. వంతెన వచ్చినప్పుడు మాత్రం మాట ఆపి కిందికి చూసేవాణ్ణి. రాళ్లు. రాళ్ల మధ్య సన్నటి నీళ్లు.