లేచి వెళ్తే క్రెడిట్ రాదు

మా డాక్టరుగారు మూత్రకోశ వ్యాధుల నిపుణులు. నేను ఆయన క్లినిక్‌లో పంతొమ్మిదేళ్ళుగా నర్సుని. ఏ రోగి వచ్చినా ఆయన చెప్పే మాటలు రెండే: రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగు, వచ్చినప్పుడు ఆపుకోకు.

చెప్పేటందుకే నీతులు. ఏడాదిగా ఆయన గ్లాసెడు నీళ్ళకి వెనకా ముందూ ఆలోచిస్తున్నారు. ఒక్క రోగిని చూసేలోపు రెండుసార్లు లోపలికి వెళ్ళొస్తున్నారు. వయసు అరవై ఏడు. ప్రోస్టేటు పెరిగిన మగవాణ్ణి నేను నడకని బట్టే పోల్చగలను. అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి మింగేశాను. ఆయనకి ముక్కుమీద కోపం. పైగా ఊళ్ళో సగం మందికి ఆ జబ్బు నయం చేసిన మనిషి. తనకే వచ్చిందంటే పరువేం కానని ఆయన భయం.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. డాక్టర్ల రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలంటే కొత్త పాఠాలు విన్నట్టు క్రెడిట్లు చూపించాలి. రేపు మాపు అంటూ అయిదేళ్ళు నెట్టుకొచ్చిన మా డాక్టరుగారికి రెండు తక్కువయ్యాయి. సోమవారం గడువు. దాటితే క్లినిక్‌కి తాళమే. అందుకని శనివారం రెండు గంటల క్లాసుకి నన్ను వెంటేసుకుని వెళ్ళారు.

హాలు తలుపు దగ్గర ఒకమ్మాయి మెడలో కార్డుల్ని స్కాన్ చేస్తోంది. "అయిపోయాక మళ్ళీ స్కాన్ చేయాలి సార్. మధ్యలో లేచి వెళ్తే క్రెడిట్ రాదు."

"రెండు గంటలేగా," అన్నారాయన. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు మరి.

పాఠం పెద్ద వయసు మగవాళ్ళకి మూత్రం ఆగకపోవడం గురించి. చెప్పేది ఒకప్పటి ఆయన శిష్యుడే. గంటన్నర గడిచేసరికి డాక్టరుగారు కుడికాలు ఎడమకాలి మీద, ఎడమకాలు కుడికాలి మీద వేసి వేసి అలిసిపోయారు. ఏసీ హాల్లో చెమటలు.

"ఒంట్లో బాగాలేదా సార్?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"పాఠం వినండి సిస్టర్."

ప్రశ్నలు మొదలయ్యాయి. మా వరసలోని ఒక లావుపాటి సర్జన్‌గారు మైకు అందుకుని, ఇది ప్రశ్న కాదు, నా అనుభవం అంటూ తన మొట్టమొదటి ఆపరేషన్ ఎత్తుకున్నారు. పది నిమిషాలైనా అందులో రోగికి ఇంకా మత్తు కూడా ఇవ్వలేదు. ఎవరో బతిమాలితే మైకు పక్కకిచ్చారు. అది చేతులు మారి మా డాక్టరుగారి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇక తనవల్ల కాక ఆయన లేచి నిలబడ్డారు.

హాలంతా ఇటు తిరిగింది.

"మా గురువుగారు. అడగండి సార్," అన్నాడు శిష్యుడు.

గురువుగారు తలుపు వైపు చూశారు, చేతిలో మైకు వైపు చూశారు. "ఒక రోగి ఉన్నాడు. అరవై ఏడేళ్ళు."

"రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు సార్?"

"నాలుగు. కాదు, అయిదు."

"ఏం వాడుతున్నాడు?"

"ఏమీ లేదు. నీళ్ళు తాగడం మానేశాడు."

అందరూ నవ్వారు. శిష్యుడూ నవ్వాడు. "అంత తెలివిగలవాణ్ణి డాక్టరుకి చూపించుకోమనలేకపోయారా?"

"వాడే డాక్టరు నాయనా."

నవ్వులు ఆగిపోయాయి. శిష్యుడు ఆయన ముఖం చూశాడు, మెలిపడిన కాళ్ళు చూశాడు. "ఇప్పుడెలా ఉన్నాడు సార్?" అన్నాడు నెమ్మదిగా.

"ఇక నిలబడలేడు."

"అందరికీ పది నిమిషాలు విరామం," అని, తలుపు దగ్గరి అమ్మాయితో, "ఇదీ క్లాసులో భాగమేనమ్మా. ఎవరి క్రెడిట్టూ పోదు," అన్నాడు.

డాక్టరుగారు మైకు నా ఒళ్ళో పడేసి వెళ్ళారు. ఆయన వెనకే హాలు సగం ఖాళీ అయింది. నేను బయటికొచ్చి చూద్దును కదా, మగవాళ్ళ గది ముందు బారెడు వరస, అన్నీ నెరిసిన తలలే. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. దారిలో ఆయన్ని కూడా దాటేసి అందరికంటే ముందు చేరిన లావుపాటి సర్జన్‌గారు పక్కకి జరిగి, "మీరు కానివ్వండి సార్," అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

క్లాసు ముగిసింది, కార్డు స్కానైంది, రెండు క్రెడిట్లూ పడ్డాయి. మెట్లు దిగుతూ డాక్టరుగారు నావైపు చూడకుండానే అన్నారు. "సిస్టర్, మంగళవారం మా శిష్యుడి దగ్గర చూపించుకోడానికి ఒక నంబరు తీసుకోండి. నా పేరు మీదే."

"తీసుకున్నాను సార్. మొన్న గురువారమే."

ఆయన ఆగిపోయారు. తిట్టబోతున్నారనుకుని గోడవైపు జరిగాను.

"ఎన్నో నంబరు?"

"మొదటిది సార్. మీరు ఎక్కువసేపు కూర్చోలేరు కదా."