క్యాబిన్ లేచిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున నాకు టిఫిన్ మీద ధ్యాస లేదు. బెంగళూరు కుందలహళ్ళిలో మా ఇంటికి దగ్గరలో ఉన్న దర్శిని హోటల్లో మా నాయన ఇడ్లీ, వడ తిని, కాఫీ కూడా తాగేసి, ఇంక పోదామా అన్నట్టు నా వైపు చూశాడు. నేను మాత్రం దోసెను తుంచి తుంచి ప్లేటు అంచుకు నెడుతూ కూర్చున్నాను. ఆఫీసులో ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజు ఉన్నా నిబ్బరంగా ఉండేదాన్ని, ఒక పాత లారీ క్యాబిన్ కోసం కాలు నిలవకుండా ఉన్నాను. భయమా అంటే భయం కాదు. చిన్నప్పుడు తిరునాళ్ళకు పోయే రోజు పొద్దున ఉండేదే, ఆ సంబరం.

లారీ వైట్‌ఫీల్డ్ దాటి హొసకోటె వైపు పోయే దారిలో ఒక షెడ్డులో ఉంది. గుండ్రటి ముక్కు, మధ్యలో పట్టీతో రెండు ముక్కల అద్దం, చెక్క చట్రం మీద రేకు కొట్టిన క్యాబిన్. ఇప్పుడు రోడ్ల మీద వెతికినా కనిపించని రకం. దాన్ని మళ్ళీ నడిపించాలని పట్టుబట్టింది నేనే. అప్పటికే ఇంజను దించారు, వెనక తొట్టి విప్పేశారు. ఇక మిగిలింది క్యాబిన్ ఒక్కటే. దాన్ని చాసీ అనే ఇనుప చట్రం మీంచి పైకి ఎత్తితే తప్ప, కింది ఇనుముకు పట్టిన తుప్పు గీకి రంగు వేయడం కుదరదు.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. ఆయన లారీ బాడీలు కట్టిన వడ్రంగి. హిందూపురంలో మాకు షాపు ఉండేది. ఆ రోజుల్లో కంపెనీ నుంచి ఒట్టి చాసీ వచ్చేది. డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఒక చెక్క పెట్టె మీద కూర్చుని, ఎండకూ దుమ్ముకూ ఓర్చి దాన్ని తోలుకొచ్చి మా షాపు ముందు ఆపేవాడు. దాని మీద క్యాబినూ తొట్టీ అన్నీ నాయన చేతుల మీదుగా లేచేవి. తర్వాత కంపెనీలే రేకు క్యాబిన్లు బిగించి పంపడం మొదలుపెట్టాయి. షాపు మూతపడింది. నాయన నా దగ్గరికి బెంగళూరు వచ్చేశాడు. ఆయన కట్టినవన్నీ ఒకటొకటిగా గుజరీకి పోయి పాత ఇనుము కింద కరిగిపోయాయి. ఇల్లు కట్టిన మేస్త్రీకి ఆ వీధిలో పోతూ ఇది నేను కట్టింది అని చూపించుకోవడానికి ఇల్లయినా ఉంటుంది. మా నాయనకు అదీ లేదు. ఈ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. నేనే అనుకుని, నేనే కుమిలిపోయేదాన్ని.

ఒకసారి చింతామణి వైపు పెళ్ళికి పోయి వస్తుంటే, ఇటుక బట్టీ పక్కన పొదల్లో ఈ లారీ కనిపించింది. నాయన కారు ఆపమన్నాడు. దిగి దాని చుట్టూ తిరిగాడు. డ్రైవరు కిటికీ పైన రేకు వంపు తిరిగిన చోట చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "ఇది నా చేతి పనిమ్మా" అన్నాడు. ఇంక నాకేం కావాలి? ఆ బట్టీ యజమాని లారీని వదిలించుకున్నాడో, నా పోరు వదిలించుకున్నాడో తెలియదు గానీ, కొద్ది రోజుల్లోనే లారీ షెడ్డుకు చేరింది. నీకు పిచ్చి పట్టింది అన్నాడు మా ఆయన. పట్టింది, అయితే ఏం?

షెడ్డు మేస్త్రీ కోలారు మనిషి. తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో కలిపి కొడతాడు. మామూలుగా నన్ను మేడం అంటాడు, విసుగొస్తే అక్కా అంటాడు. మొదటి రోజే క్యాబిన్ చెక్కను స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి, ఇది పుచ్చిపోయింది, గ్యాస్ కట్టరుతో కోసి ముక్కలుగా దించేద్దాం, రేకుతో కొత్తది కట్టిస్తాను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అది మా నాయన కట్టిన క్యాబిన్ అనీ, లోకంలో మిగిలింది అదొక్కటే అనీ, దాని మీద కట్టరు పెడితే నేను ఊరుకోననీ గట్టిగా అరిచాను. పక్క షెడ్డు వాళ్ళు కూడా వచ్చి చూశారు. చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. క్యాబిన్ ఒకే ముక్కగా లేస్తే, దాన్నే బాగుచేసి మళ్ళీ కూర్చోబెట్టాలి. లేచేటప్పుడు విరిగితే కొత్తదే, నేను నోరెత్తకూడదు. నాయన అంతా విని, మేస్త్రీ పొడిచిన చోటును వేలితో గీకి చూశాడు. ఆ సంగతి తేలే రోజే ఈ ఆదివారం.

మేము పోయేసరికి మేస్త్రీ పూజకు సిద్ధంగా ఉన్నాడు. పసుపూ కుంకుమా పెట్టి, ఊదుకడ్డీలు వెలిగించాడు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టబోయి ఆగిపోయాడు. లారీకి చక్రాలు ఎక్కడున్నాయి? స్టాండ్ల మీద నిలబడి ఉంది. కాసేపు తల గోక్కుని, నిమ్మకాయలను స్టాండ్ల కాళ్ళ దగ్గర సర్దాడు. నాకు నవ్వాగలేదు. మేస్త్రీ కూడా నవ్వాడు. అంతకు ముందు మా మధ్య అంత గొడవ జరిగిందంటే ఎవరూ నమ్మరు.

అన్ని పక్కలా పని ముందే చేసి పెట్టారు. తలుపులు తీసేసి, ఆ ఖాళీల్లో క్యాబిన్ ముడుచుకుపోకుండా అడ్డకర్రలు కొట్టారు. క్యాబిన్‌ను చాసీకి పట్టి ఉంచిన బోల్టులకు రోజూ డీజిలు పోసి నానబెట్టారు. ఎన్ని బోల్టులని మేస్త్రీ అడిగినప్పుడు, అటు రెండు ఇటు రెండు, నాలుగే అని నాయన చెప్పాడు. కట్టిన మనిషే చెబుతుంటే ఇంకెవరు వంగి చూస్తారు? ఎవరూ చూడలేదు. ఆ నాలుగూ కిర్రుకిర్రుమంటూ ఊడొచ్చాయి. క్యాబిన్ కింద నుంచి వెడల్పాటి పట్టీలు దూర్చి, షెడ్డు దూలానికి వేలాడే, బరువులెత్తే చైన్ బ్లాకు కొక్కేనికి తగిలించారు. మేస్త్రీ గొలుసు లాగడం మొదలుపెట్టాడు. గొలుసు టకటకమంటూ బిగిసింది.

ముందు వైపు లేచింది. చెక్కకూ ఇనుముకూ మధ్య వేలెడు సందు వచ్చి, అవతలి వెలుతురు కనిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఒకదానికొకటి అంటుకున్నవి విడిపోవడం కళ్ళారా చూశాను. వీడియో తీద్దామని పట్టుకున్న ఫోను సంగతే మరిచిపోయాను, పోతే పోనీ అనుకున్నాను. ఎడమ వెనక మూల లేచింది. కుడి వెనక మూల, అంటే డ్రైవరు సీటు వెనక, అంగుళం కూడా కదల్లేదు. మేస్త్రీ ఇంకో రెండుసార్లు లాగాడు. లోపలెక్కడో చెక్క ఫట్‌మని చప్పుడు చేసింది.

ఆపమని కేకేశాను. మేస్త్రీ గొలుసు వదిలి, నేను ముందే చెప్పినాను కదా అన్నట్టు చేతులు తుడుచుకున్నాడు. ఆ మూల ఒక్కటీ కోసేస్తే మిగతాదైనా దక్కుతుందన్నాడు. నాయన మాత్రం తేలిగ్గా తీసేశాడు.

"ఆడ ఏమీ లేదప్పా. తుప్పు పట్టుకోనుండాది, అంతే. లాగు."

ఇద్దరూ ఇద్దరే. ఒకాయన కోసేద్దాం అంటాడు, ఇంకొకాయన లాగేద్దాం అంటాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఇంకొక్కసారి లాగితే ఆ క్యాబిన్ నా కళ్ళ ముందే రెండు ముక్కలవుతుంది. గొలుసు దించి బరువు మళ్ళీ చాసీ మీద పెట్టించాను. చుడీదారు పాడైతే అయిందని, గోనెపట్టా పరుచుకుని ఫోను లైటు వేసుకుని చాసీ కిందికి దూరాను.

కింద అంతా రంగే. ఆయుధపూజ వచ్చిందంటే లారీ వాళ్ళకు రంగు వేయనిదే పండగ కాదు. పాతది గీకే ఓపిక ఎవరికీ ఉండదు, పాతదాని మీదే కొత్తది పూస్తారు. ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఆకుపచ్చ, వాటి మీద గ్రీజూ మట్టీ. ఆ మూలలో ఒక చిన్న బొడిపె ఉంది. చూడ్డానికి చాసీలో భాగంలాగే ఉంది. స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని గీకాను. రంగు పెచ్చులు పెచ్చులుగా నా ముఖం మీద రాలింది. ఇంకా గీకితే ఒక మూల తేలింది, తర్వాత ఇంకో మూల. నట్టు. ఐదో బోల్టు. అక్కడే పడుకుని నవ్వేశాను. నోట్లోకి మట్టి పోయినా లెక్కచేయలేదు.

బయటికి వచ్చి చెప్పగానే మేస్త్రీ ముఖం మారిపోయింది, తనూ వంగి చూసి ఈల వేశాడు. నాయన ముఖం మాత్రం ఇంకోలా అయింది. "నేను పెట్టలేదే దాన్ని" అన్నాడు. తర్వాత ఎవరో బిగించి ఉంటారులే అన్నాడు మేస్త్రీ. నాయన ఆ మాట పట్టించుకోకుండా, వంగి ఆ మూలనే చూశాడు.

డీజిలు పోశారు, సుత్తితో తట్టారు, స్పానరు కాడకు పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడారు. నట్టు ఒక్కసారిగా పట్టు వదిలింది. మళ్ళీ గొలుసు. ఈసారి నాలుగు మూలలూ కలిసి లేచాయి. క్యాబిన్ మెల్లగా, ఏ చప్పుడూ లేకుండా, ఒకే ముక్కగా గాల్లోకి పోయింది. కింద చాసీ బారుగా, బోసిగా బయటపడింది. షెడ్డులో పనివాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నేను ఎగిరి గంతేశాను, నలభై దాటిన మనిషినని గుర్తు రాలేదు. పందెం ఓడిన మేస్త్రీ కూడా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు, నిజం.

క్యాబిన్‌ను పక్కకు జరిపి ఎత్తైన డ్రమ్ముల మీద దించారు. నాయన చిన్నగా వంగి దాని కిందికి పోయాడు. చాలాసేపు రాలేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడేమో, కాసేపు వదిలేద్దాం అనుకున్నాను. అంతలో నన్ను పిలిచాడు.

"ఇట్ల రామ్మా. ఇది నాది కాదు."

నేను విన్నది నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన అడ్డదూలాలు కలిసే చోటు వేలితో చూపించాడు. ఒక కర్ర ఇంకో కర్రలోకి దూరి, చెక్క చీలలతో బిగిసి ఉంది. ఎక్కడా మేకు లేదు. తన షాపులో అంత తీరిక ఎప్పుడూ లేదనీ, బండి తొందరగా రోడ్డెక్కాలని ప్రతి అతుకుకూ మేకులే కొట్టాననీ చెప్పాడు. మరి కిటికీ వంపు అని అడిగాను. ఆ వంపు అప్పట్లో అందరూ పెట్టేదేనట.

ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆయన ముఖం చూస్తే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన కట్టింది ఒక్కటీ మిగల్లేదన్న మాట మళ్ళీ నిజమైంది. ఈ సంగతి మేస్త్రీ విన్నాడు. వెటకారం చేయలేదు, నెమ్మదిగానే అడిగాడు.

"అట్లయితే అక్కా, దీన్ని ఇంగ ఇడిసేద్దామా? మీ నాయనదని కదా ఇంత పట్టు పట్టింది."

మేస్త్రీ అన్నదాంట్లో తప్పు లేదు. నాయన క్యాబిన్ కింద నుంచి బయటికి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. రెండో చెయ్యి ఇంకా ఆ దూలం మీదే ఉంది.

"నాదే అయ్యింటే కోసెయ్యమని నేనే చెప్పింటినప్పా. ఇది వేరేవాని పని. పారెయ్యల్లంటే వాన్ని అడగల్ల. వాడు యాడుండాడో ఏమో."