నల్లకోటు కోసం పువ్వు అడిగాం

నేను బడిలో కూర్చుని చదివింది తక్కువ. మాది కోసిగి పక్కన ఒక పల్లె. వానలు లేని ఏడు ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. అందరూ సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలస పోవడం. మేమూ పోయేవాళ్లం. తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలు ఎంతో ముందుకు పోయి ఉండేవి. అందుకని మా మేనత్తే నాకు చదువు చెప్పింది. మిరప చేను గట్టున ప్లాస్టిక్ పట్ట కప్పిన గుడిసెలో సంగటి కెలుకుతూనే ఎక్కాలు అప్పజెప్పించుకునేది. "కండ్లు మండుతాండాయి అత్తా" అంటే, "ఎట్లాగూ ఏడుస్తాండావు, పద్యం చెప్పుకుంటా ఏడువు" అనేది.

ఆమె చలవ వల్ల పది, ఇంటర్ ఓపెన్ స్కూల్లో పాసయ్యాను. పెళ్లయి బద్వేలు వచ్చాక డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేశాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుడి తర్వాత ఆమెనే తలుచుకుంటాను.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేస్తాడు. నేను వీధిలో ఆడవాళ్లకు అర్జీలు రాసిపెట్టేదాన్ని. ఒకసారి పక్కింటామె భరణం కేసుకు తోడుగా కోర్టుకు వెళ్లాను. ఆమె వకీలు ఆరోజు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పే దిక్కు లేదు. లోపల ఆమె పేరు పిలిచారు, వాయిదా వేశారు, అంతే. ఆమె వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ఇంత సదివినావు కదక్కా, నువ్వే రెండు మాటలు చెప్పకూడదా లోపల?" అంది. నాకు నోరుంది కానీ అక్కడ నిలబడి మాట్లాడే హక్కు లేదు. ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చుంటే మనసులో ఒకటే కోరిక: ఆ హక్కు నాకు కావాలి.

మా ఆయన ఎగతాళి చేయలేదు. ఫోన్లో వెతికి, "ఇంట్లో కూచోనే లా డిగ్రీ అంట, చూడు" అని చూపించాడు. ఆ నంబరుకు చేస్తే ఒకమ్మాయి తియ్యగా మాట్లాడింది. పాఠాలన్నీ ఫోన్లోనే అట, పరీక్ష కూడా ఇంటి నుంచే అట.

"అది పాసయితే కోర్టులో వాదించచ్చా అమ్మా?" అని అడిగాను.

"సర్టిఫికెట్‌కి చాలా వాల్యూ ఉంటుంది మేడమ్."

"అది సరే, వాదించచ్చా?"

"సీట్లు అయిపోతున్నాయి మేడమ్, ఈరోజే బ్లాక్ చేసుకోండి."

ఆ జవాబు దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. కానీ రెండో దారి తలుచుకుంటే భయం వేసింది. ప్రవేశ పరీక్ష రాసి, సీటు వస్తే మూడేళ్లు రోజూ కడపకు బస్సు. ఇంట్లో చిన్నపిల్ల, మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు. పైగా బడి ముఖమే సరిగా చూడనిదాన్ని, కాలేజీలో ఎట్లా కూర్చుంటాను? ఇల్లే నా బడి, ఇంట్లోనే చదవడం నాకు రాసిపెట్టి ఉందేమో అనిపించింది.

ఎటూ తేల్చుకోలేక పుట్టింటికి పోయినప్పుడు మా ఊరి ఆంజనేయస్వామిని పువ్వు అడిగాను. మా వైపు అది అలవాటు. పూజారి స్వామి మీద తడి పువ్వులు అంటిస్తాడు. మనం మనసులో ఒక్క మాట అడగాలి. కుడివైపు పువ్వు పడితే సరే అని, ఎడమవైపు పడితే వద్దని. 'ఇంట్లో ఉండే లా చదవనా స్వామీ?' అని అడిగాను. కుడి భుజం మీది గన్నేరు పువ్వు టక్కున రాలింది. దాన్ని పసుపు గుడ్డలో చుట్టి తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకున్నాను.

మా అత్తగారిది కడప వైపే. "మా తట్టు ఈ పూలడిగేది యాడా లేదు" అంది మొదట. కోడలు బస్సెక్కి పోనక్కర్లేదని తెలిశాక మాత్రం నాకంటే ఆమెకే ఆ పువ్వు మీద భక్తి ఎక్కువైంది. రోజూ దానికి కూడా సాంబ్రాణి చూపేది.

డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఎవరినైనా అడుగుదామని కడపలో ఒక లాయరమ్మ దగ్గరకు బయలుదేరాను. అత్తగారూ వెంట వచ్చింది. "పువ్వు పడినంక మల్లా మనుషులను అడిగేదేంది?" అని దారంతా సణుగుతూనే ఉంది.

లాయరమ్మ ఓపికగా విన్నది. "తెలుసుకోవడానికైతే ఆన్‌లైన్ చదువు మంచిదే. ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసేవాళ్లకు పనికొస్తుంది. కానీ వకీళ్లను నమోదు చేసుకునే మండలి దూరవిద్య లా డిగ్రీని, ఆన్‌లైన్ లా డిగ్రీని ఒప్పుకోదు. లా మాత్రం కాలేజీకి పోయి, హాజరు ఉండి చదవాల్సిందే. అప్పుడే పేరు నమోదు, ఆ తర్వాత ఇంకో పరీక్ష."

"అయితే నా ఓపెన్ చదువు కూడా పనికిరాదా మేడమ్?"

"పది, ఇంటర్, డిగ్రీ ఒకదాని తర్వాత ఒకటి పాసయినావా? మధ్యలో ఏదీ ఎగరగొట్టలేదు కదా?"

"లేదు."

"అయితే నీ చదువుకేం ఢోకా లేదు. కాలేజీ ఒకసారి కాగితాలు చూస్తుంది, అంతే."

మా మేనత్త గుడిసెలో చెప్పిన చదువు చెల్లుతుందన్నమాట! ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో అత్తగారు ముందుకు వంగింది. "ఇంట్లో సదివితే ఆ జడ్జి ముందర మాట్లాడనీరా తల్లీ?"

"మాట్లాడనీరమ్మా."

తిరుగు బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుంది. సిద్ధవటం దాటి లంకమల కొండలు వచ్చాక, కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "పువ్వు పడినంక తిరగబడితే ఇంటికి మంచిది కాదు. ఏం చేస్తాం?"

కాలేజీకి పోయి లా చదవాలంటే స్వామి ఇచ్చిన మాట కాదనాలి. స్వామి మాట వింటే ఆ వరండా దాటి లోపలికి పోలేను.

అత్తగారే దారి కనిపెట్టింది. ఆ మోకాళ్లతోనే మా పుట్టింటి ఊరికి వచ్చి, ఎండిన పువ్వును పూజారి చేతిలో పెట్టింది.

"ఒకసారి అడిగినదాన్నే మళ్లా అడగరాదమ్మా" అన్నాడు పూజారి.

"అదే మాట ఎవరడిగిరి సామీ? అది అడిగింది ఇంట్లో సదవాల్నా అని. నేను అడిగేది వేరే. దీన్ని నేను బస్సెక్కించనా, వద్దా? అడిగేదీ వేరే మనిషి, మాటా వేరే మాట. పెట్టు పూలు!"

పూజారి నవ్వుతూ పువ్వులు పెట్టాడు. ఎంతసేపు చూసినా ఒక్కటీ కదల్లేదు. కుడివైపూ రాలలేదు, ఎడమవైపూ రాలలేదు. గుడి మూసే వేళయి పూజారి తాళాలు గలగలలాడించాడు. అత్తగారు స్తంభం పట్టుకుని లేచి కొంగు దులుపుకుంది.

"వద్దనేటట్లయితే ఎడమకు పడుండు కదా. పడలే. అంటే ఇది నా ఇంటి సంగతి, నన్నే తేల్చుకోమంటాండాడు." స్వామికి దండం పెట్టి నా వైపు తిరిగింది. "తేల్చుకున్నా. పా, బస్సు పోతాది."

ఆరోజు ఆ స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో. మొదటిసారి పువ్వు ఇచ్చి నన్ను చదువు వైపు నడిపించాడు. రెండోసారి ఇవ్వకుండా మా అత్తగారిని నా వైపు నిలబెట్టాడు. నేనైతే అట్లాగే అనుకుంటాను.

ప్రవేశ పరీక్షకు మాత్రం ఫోన్లో పాఠాలు వినే చదివాను. ఆ చదువుకూ రుణపడి ఉన్నాను. కడపలోనే సీటు వచ్చింది. మొదటి రోజు క్లాసులో ఒక పిల్ల నన్ను మేడమ్ అనుకుని లేచి నిలబడింది. ఆఖరి బెంచీ మీద కూర్చుని, మేనత్తను తలుచుకుని పుస్తకం తెరిచాను.

ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్లు మా గుమ్మంలో ఉంటారు. మొన్న ఇద్దరు తోడికోడళ్లు గోడ తగువు పడి, నన్ను చూసి "వకీలమ్మ వచ్చె, న్యాయం చెప్పక్కా" అన్నారు. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"దానికింకా నల్లకోటు రాలేదు. కొన్నాళ్లు ఓపిక పట్టండే! అది వకీలు అయినంక తీరుబడిగా కొట్లాడుదురు గానీ, ఇప్పుడు దాన్ని అన్నం తిననీండి."