పసుపు కింద పొక్కు

ఇప్పటికీ కారెక్కబోతుంటే నాకు మా మేనత్త చెయ్యి గుర్తొస్తుంది. నేతింటి మనిషి. బెజవాడలో మా బాబాయి నడిపే టాక్సీ ఎక్కేముందు, మగ్గం మీది బట్టను తడిమినట్టు టైర్లన్నీ అరచేత్తో తడిమేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కొత్త టైర్లు దొరికేవి కావు. కంకిపాడు రోడ్డు మీద కంకర పోసి, రోలరు తిప్పకుండా పోయిన వాళ్లను ఆమె నోరారా తిట్టేది. ఒక శుక్రవారం కంకిపాడు వెళ్లడానికి ఇంట్లోవాళ్లం ముందే ఎక్కి కూర్చున్నాం. బాబాయి టైర్లకు దిట్టంగా పసుపు పూసి బొట్లు పెట్టాడు. ముందు టైరు పక్కభాగం మీద ఆమె చెయ్యి ఆగింది. పసుపు తుడిచి చూస్తే నిమ్మకాయంత పొక్కు.

"రాళ్ల దెబ్బకి లోపల పడుగు దారం తెగిందిరా, ఇది పేలుద్ది. దిగండి అందరూ!"

మేమంతా దిగాం.

"పూజ చేసిన బండి అక్కా, ఏం కాదు."

"పసుపు పూస్తే పుండు మానుద్ది. టైరు మానుద్దంట్రా?"

బాబాయి వినలేదు. "కంకిపాడు, కంకిపాడు!" అని వేరేవాళ్లను కేకేశాడు. చంటిబిడ్డతో ఒకావిడ ఎక్కబోయింది. అంతే, మేనత్త సంచిలోంచి చాకు తీసి ఆ పొక్కులో దించింది. బండి బుస్సుమని ఒరిగింది.

"ఇంకో టైరు ఎక్కడ దొరుకుద్దక్కా!" బాబాయి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"మనుషులు దొరుకుతారంట్రా?" అంటూ ఆమె, చాకు చేతిలో ఉండగానే, వెనక టైరు తడుముతోంది.